బండి జాడ చెప్పే కొండ

వాల్మీకిపురం నుంచి కుప్పానికి ఒక జీపు బయల్దేరిందనుకుందాం. పెద్దవాళ్లు ఇప్పటికీ వాయల్పాడనే పిలిచే ఈ ఊళ్లో పట్టాభిరాముడి గుడి దాటి, తిరుపతి నుంచి వచ్చే రోడ్డెక్కి పడమరగా పోతే మదనపల్లె. అక్కడ దక్షిణానికి మళ్లి 42వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే పుంగనూరు, పలమనేరు, వి.కోట, ఆ తర్వాత కుప్పం. దారి పొడవునా గుట్టలు, చెరువులు. పలమనేరు దాటితే ఏనుగులు తిరిగే కౌండిన్య అడవి.

జీపులో మందుల పెట్టెలున్నాయి. రాత్రి వేళ, తుఫాను వాన, మధ్యాహ్నమే కరెంటు పోయింది. సెల్ టవర్ల బ్యాటరీలు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతున్నాయి. కుప్పంలో ఎదురుచూసేవాళ్లు ఫోన్ చేస్తే ‘పరిధిలో లేరు’ అనే మాటే వినిపిస్తోంది. జీపు పుంగనూరు దాటిందా? ఎక్కడైనా వాగు దగ్గర ఆగిపోయిందా?

ఈ ప్రశ్నకు సెల్‌ఫోన్ లేకుండా, ఇంటర్నెట్ లేకుండా జవాబు చెప్పే పద్ధతి ఒకటి 1980ల నుంచీ ఉంది. దాన్ని ఏ కంపెనీ అమ్మకానికి తయారుచేయలేదు. రేడియో మీద ఇష్టంతో, ఖాళీ సమయాల్లో, సొంత ఖర్చుతో పనిచేసే హామ్‌లు దాన్ని పెంచి పెద్దచేశారు. పేరు ఏపీఆర్‌ఎస్. తెలుగులో విడమరిచి చెప్పాలంటే, చిన్న చిన్న పొట్లాలుగా కట్టిన సమాచారాన్ని రేడియో దానంతట అదే పంపే వ్యవస్థ.

తెలియడం వేరు, తెలపడం వేరు

మనలో చాలామందికి ఒక అపోహ ఉంది. జీపీఎస్ ఉంటే చాలు, బండి ఎక్కడుందో ఉపగ్రహానికి తెలిసిపోతుందనుకుంటాం. నిజానికి ఉపగ్రహానికి ఏమీ తెలియదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు చేసే పని ఒక్కటే: ‘ఇప్పుడు సమయం ఇంత, నేనున్నది ఇక్కడ’ అని ఎడతెగకుండా చెబుతూ పోవడం. కింద ఉన్న రిసీవరు కనీసం నాలుగు ఉపగ్రహాల మాటలు విని, ఏ మాట ఎంత ఆలస్యంగా చేరిందో చూసి, తన స్థానాన్ని తానే లెక్కకట్టుకుంటుంది. అది వినడమే తప్ప తిరిగి పలకదు. మన దేశపు నావిక్ ఉపగ్రహాలతో స్థానం తెలుసుకోవడమూ ఇలాగే.

అందుకే తుఫాను రాత్రి జీపులోని ఫోనుకు తానెక్కడుందో తెలుసు. టవరు లేకపోయినా తెలుసు. తెలిసింది కుప్పానికి చెప్పే దారే దానికి లేదు. ప్రజా రవాణా బండ్లకు ఇప్పుడు తప్పనిసరి చేసిన జాడ పరికరాలు కూడా మొబైల్ నెట్‌వర్క్ మీదుగానే కబురు పంపుతాయి. టవరు పడిపోతే వాటి గొంతూ ఆగిపోతుంది. ఏపీఆర్‌ఎస్ జీపీఎస్‌కు బదులుగా వచ్చింది కాదు. జీపీఎస్ తెలుసుకున్నదాన్ని నలుగురికీ తెలిపే రెండో సగం అది.

గుర్రాల దారిలో పుట్టిన ఆలోచన

ఈ పద్ధతికి మూలపురుషుడు బాబ్ బ్రూనింగా. అమెరికా నౌకాదళ అకాడమీలో పనిచేసిన ఇంజనీరు, హామ్. 1982లో ఆయన ఆపిల్-2 కంప్యూటరు మీద ఒక ప్రోగ్రాం రాశారు. నౌకలు దూరశ్రేణి రేడియోలో పంపే స్థాన వివరాలను తెర మీద పటంగా చూపడం దాని పని. 1984లో ఒక నూరు మైళ్ల గుర్రపు స్వారీ పోటీ కోసం దాన్ని విక్-20 అనే చిన్న కంప్యూటరుకు మార్చారు. అడవి దారుల్లో విడిపోయి పరుగెత్తే గుర్రాలు ఎక్కడెక్కడున్నాయో, ఏది ఏ మజిలీ దాటిందో కాపలా కేంద్రాలు ఒకదానికొకటి చెప్పుకోవాలి. మాటల్లో చెప్పుకుంటే గందరగోళం. తెర మీద చుక్కలుగా కనిపిస్తే అందరికీ ఒకేసారి అర్థమవుతుంది.

అప్పట్లో మామూలు మనిషి చేతికి జీపీఎస్ అందలేదు. 1990ల్లో చవకైన రిసీవర్లు వచ్చాక బండ్లు, పడవలు, బెలూన్లు వాటంతట అవే తమ జాడ చెప్పుకోవడం మొదలైంది. 2000 మే నెలలో అమెరికా పౌర జీపీఎస్‌లో కావాలని ఉంచిన తప్పును తొలగించాక వంద మీటర్ల దాకా ఉండే తేడా పది, పదిహేను మీటర్లకు దిగింది. రోడ్డు మీద బండి రోడ్డు మీదే కనిపించసాగింది.

2022 ఫిబ్రవరిలో మరణించేదాకా బ్రూనింగా ఒక మాట గట్టిగా చెబుతూ వచ్చారు. ఇది బండ్ల జాడ కోసం మాత్రమే పుట్టలేదు. చుట్టుపక్కల ఇప్పుడు ఏం జరుగుతోందో అందరూ ఒకే పటం మీద చూసుకోవడానికి పుట్టింది. వాన కొలత, చిన్న సందేశం, ‘ఇక్కడ వంతెన తెగింది’ అనే గుర్తు, అన్నీ ఇందులో పంపవచ్చు. బండి చుక్క వాటిలో ఒకటి.

అర సెకనులో చిరునామా

లోపల జరిగేది చూద్దాం. జీపులో మూడు వస్తువులుంటాయి: జీపీఎస్ రిసీవరు, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు చిప్పు, 144 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేసే రేడియో. ఆ తరంగం పొడవు రెండు మీటర్ల పైచిలుకు. అందులో నాలుగో వంతు, అంటే సుమారు అర మీటరు తీగను అయస్కాంతపు దిమ్మతో జీపు పైకప్పు మీద నిలబెడితే యాంటెన్నా సిద్ధం.

చిప్పు ఒక వాక్యం తయారుచేస్తుంది. మొదట హామ్‌కు ప్రభుత్వం ఇచ్చిన పిలుపు సంకేతం, దాని పక్కన ఒక అంకె. 9 అంటే బండి, 7 అంటే చేతి రేడియో అని హామ్‌లలో వాడుక. తర్వాత అక్షాంశం, రేఖాంశం, పటం మీద ఏ బొమ్మ వేయాలో చెప్పే గుర్తు, వేగం, దిశ. వాల్మీకిపురమైతే సుమారు 13 డిగ్రీల 39 నిమిషాల ఉత్తరం, 78 డిగ్రీల 38 నిమిషాల తూర్పు. నిమిషంలో నూరో వంతు దాకా రాస్తారు కనుక ఒక్కో మెట్టు నేల మీద సుమారు 18 మీటర్లు. బండి ఏ రోడ్డులో ఉందో చెప్పడానికి అది చాలు.

ఈ వాక్యాన్ని రేడియో రెండు స్వరాలుగా పాడుతుంది. ఒకటి సెకనుకు 1200 కంపనాల స్వరం, ఇంకొకటి 2200 కంపనాలది. ఈ రెంటి మధ్య మారుతూ సెకనుకు 1200 బిట్లు వెళ్తాయి. పాత మోడెములు ఫోను తీగలో చేసిన చప్పుడు విన్నవాళ్లు దీన్ని వెంటనే గుర్తుపడతారు. ఎనభై అక్షరాల వాక్యానికి 640 బిట్లు, అంటే అర సెకను. రేడియో మేల్కొనే సమయం కూడా కలిపితే సెకను లోపే పని పూర్తి.

చివర్లో 16 బిట్ల తనిఖీ సంఖ్య ఉంటుంది. అందుకున్న రేడియో అదే లెక్క మళ్లీ కట్టి సరిపోల్చుకుంటుంది. ఒక్క అక్షరం చెడినా లెక్క తప్పుతుంది, వాక్యం మొత్తం చెత్తబుట్టకు పోతుంది. అందువల్ల ఏపీఆర్‌ఎస్‌లో కబురు రాకపోవచ్చు కానీ, వచ్చిన కబురు దారిలో చెడి రావడం చాలా అరుదు.

‘అందింది’ అనే జవాబు కోసం జీపు ఆగదు. రిజిస్టరు పోస్టులో సంతకం తీసుకుంటారు. ఊళ్లో దండోరా వేసేవాడు సంతకాలడగడు, చెప్పాల్సింది చెప్పి ముందుకు పోతాడు. స్థానం చెప్పే ఏపీఆర్‌ఎస్ వాక్యం దండోరా లాంటిది. ఈసారి వినపడకపోతే, నిమిషం తర్వాత వీధి మలుపులో మళ్లీ వినపడుతుంది.

హార్స్‌లీ కొండ లెక్క

దండోరా ఎంత దూరం వినిపిస్తుంది? ఇక్కడే మన నేల స్వభావం అడ్డొస్తుంది, మన నేలే సాయమూ చేస్తుంది.

144 మెగాహెర్ట్జ్ తరంగాలు దాదాపు చూపులాగే నేరుగా పోతాయి. భూమి గుండ్రం కనుక దిగంతం దాటి కిందికి వంగవు. హామ్‌లు వాడే మొరటు లెక్క ఒకటుంది. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 4.12తో గుణిస్తే దాని రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. జీపు పైకప్పు మీద యాంటెన్నా ఎత్తు మీటరున్నర. దాని దిగంతం 5 కిలోమీటర్లు. రెండు జీపులుంటే ఐదూ ఐదూ పది. నేల బల్లపరుపుగా ఉంటేనే ఆ పది. మదనపల్లె, పుంగనూరు మధ్య గుట్టలు అడ్డొస్తే రెండు కిలోమీటర్లకే మాట ఆగిపోవచ్చు.

ఇప్పుడు మదనపల్లెకు వాయవ్యంగా ఉన్న హార్స్‌లీ హిల్స్ వైపు చూడండి. స్థానికులకు అది ఏనుగు మల్లమ్మ కొండ. పందొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ అక్కడ ఇల్లు కట్టుకున్నాక ఇంగ్లీషు పేరు స్థిరపడింది. కొండ ఎత్తు సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైనే. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. అంటే చుట్టూ ఉన్న నేల కంటే కొండ కొన 500 మీటర్లు పైన. ఐదువందల వర్గమూలం 22.4. దాన్ని 4.12తో గుణిస్తే 92 కిలోమీటర్లు. జీపు తాలూకు ఐదు కలిపితే 97.

వాల్మీకిపురం ఆ కొనకు సరళరేఖలో సుమారు 25 కిలోమీటర్లు, పుంగనూరు సుమారు 37. రెండూ హాయిగా దాని చూపులో పడతాయి. మధ్యలో గుట్ట ఉన్నా ఎత్తు నుంచి దిగివచ్చే తరంగానికి దాని నీడ చిన్నది. పది కిలోమీటర్లు వినపడని ఐదు వాట్ల రేడియో, కొండ మీద దాన్ని విని తిరిగి చెప్పే రేడియో ఒకటుంటే, ఒక్కసారిగా మూడు నియోజకవర్గాలకు వినిపిస్తుంది. అలా విని తిరిగి చెప్పే పెట్టెను డిజిపీటర్ అంటారు. దానికి కావలసింది ఒక రేడియో, ఒక చిప్పు, సౌర ఫలక, బ్యాటరీ, గట్టి యాంటెన్నా.

కుప్పం మాత్రం ఆ కొనకు సుమారు వంద కిలోమీటర్లు, సరిగ్గా దిగంతపు అంచున. ఆ దూరాన్ని ఒక్క గెంతులో నమ్మలేం. అందుకే జీపు తన వాక్యంలోనే ‘రెండు గెంతులు’ అని రాసి పంపుతుంది. కొండ దాన్ని విని, ఒక గెంతు తగ్గించి, మళ్లీ చెబుతుంది. పలమనేరు ప్రాంతంలో ఎత్తైన చోట ఇంకో పెట్టె ఉంటే అది అందుకుని రెండో గెంతులో కుప్పానికి అందిస్తుంది. లెక్క సున్నాకు వచ్చింది కనుక ఆపై ఎవరూ తిరిగి చెప్పరు. ఒకసారి చెప్పిన వాక్యాన్ని డిజిపీటరు అర నిమిషం దాకా గుర్తుపెట్టుకుంటుంది. ఆలోగా అదే మళ్లీ చెవిన పడితే వదిలేస్తుంది. ఈ రెండు నియమాలు లేకపోతే ఒక్క కబురు కొండల మధ్య ప్రతిధ్వనిలా తిరుగుతూ దారినంతా మూసేస్తుంది.

అందరూ ఒకేసారి పలికితే

ఈ వ్యవస్థలో ఒక ప్రాంతంలోని బండ్లన్నీ ఒకే పౌనఃపున్యం మీద మాట్లాడతాయి. ఉత్తర అమెరికాలో అది 144.390 మెగాహెర్ట్జ్, యూరప్‌లో 144.800. మన దేశంలో హామ్‌లకు ఈ ప్రాంతంలో ఇచ్చిన మేర 144 నుంచి 146 దాకా. ఒకే దారి కావడంలో పెద్ద మేలుంది, ఆ ప్రాంతంలో ఎవరు ఎక్కడికి వెళ్లినా రేడియో మార్చుకోనక్కర్లేదు. కీడు కూడా అందులోనే ఉంది. ఇద్దరు ఒకేసారి పలికితే ఇద్దరి మాటా చెడుతుంది.

‘ముందు విను, ఖాళీగా ఉంటే పలుకు’ అనేది రేడియోలకు నేర్పిన మర్యాద. కొండల సీమలో ఆ మర్యాద సరిపోదు. హార్స్‌లీ కొండకు తూర్పున ఒక జీపు, దక్షిణాన ఒక జీపు ఉన్నాయనుకోండి. ఒకదాని మాట ఒకదానికి వినపడదు. రెండూ దారి ఖాళీ అనుకుని పలుకుతాయి. రెంటినీ వినే కొండ చెవిలో మాత్రం అవి ఢీకొంటాయి. హవాయి విశ్వవిద్యాలయం వారు దీవుల మధ్య 1971లో నడపడం మొదలుపెట్టిన అలోహా అనే రేడియో నెట్‌వర్కు కోసం ఈ చిక్కును లెక్కకట్టారు. ఎవరికి తోచినప్పుడు వారు పలికితే దారి సామర్థ్యంలో 18 శాతానికి మించి మాటలు క్షేమంగా చేరవు. సెకనుకో కబురు చొప్పున చూస్తే నిమిషానికి పదకొండు. ప్రతి కబురునూ కొండ మళ్లీ చెబుతుంది కనుక అందులో సగమే మనకు మిగులుతుంది. ఒక్కో బండి రెండు నిమిషాలకోసారి పలికితే పదీ పన్నెండు బండ్లకు సరిపోయే దారి అన్నమాట.

కాబట్టి తక్కువ పలకడం ఇక్కడ తెలివి. ఆగి ఉన్న బండి అరగంటకోసారి పలికినా చాలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో తిన్నని రోడ్డు మీద పోయే బండి నిమిషంలో ఒక కిలోమీటరే కదులుతుంది, మధ్యలో ఎక్కడుందో ఎవరైనా ఊహించగలరు. ఊహ తప్పేది మలుపుల దగ్గర. అందుకని మంచి పరికరాలు దిశ మారినప్పుడు వెంటనే పలికి, తిన్నగా పోతున్నప్పుడు మౌనంగా ఉంటాయి. హార్స్‌లీ ఘాట్ రోడ్డు ఎక్కే బండి ప్రతి మలుపులోనూ చుక్క పెడుతుంది, పటం మీద ఆ చుక్కలు కలిపితే ఘాట్ రోడ్డు ఆకారమే కనిపిస్తుంది.

శ్రీహరికోట నుంచి ఎగిరిన డిజిపీటర్

కొండ కంటే ఎత్తైన చోటు ఇంకొకటి ఉంది. 2019 ఏప్రిల్ 1న శ్రీహరికోట నుంచి ఇస్రో పంపిన పీఎస్‌ఎల్‌వీ-సీ45 రాకెట్టు మన ఎమిశాట్ ఉపగ్రహాన్ని, 28 విదేశీ ఉపగ్రహాలను వాటి వాటి కక్ష్యల్లో విడిచింది. మామూలుగా అయితే ఖాళీ అయిన నాలుగో దశ అక్కడితో అంతరిక్ష వ్యర్థం. ఈసారి దాన్ని 485 కిలోమీటర్ల కక్ష్యకు దించి, మూడు ప్రయోగ పరికరాలకు వేదికగా వాడుకున్నారు. ఆ మూడింటిలో ఒకటి ఆమ్‌శాట్ ఇండియా అనే హామ్‌ల సంస్థ అందించిన ఏపీఆర్‌ఎస్ డిజిపీటర్. మన తీరం నుంచి వెళ్లిన రాకెట్టు ముక్క ఆకాశంలో ఒక హార్స్‌లీ కొండ అయింది.

485 కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగంతం రెండువేల నాలుగువందల కిలోమీటర్లు. అంటే వాల్మీకిపురం మీదుగా పోయే క్షణంలో దాని చూపులో దాదాపు భారతదేశమంతా ఉండేది. చిక్కల్లా అది ఒక చోట నిలిచేది కాదు. మన ఆకాశంలో ఒక్కో రాకకు పది నిమిషాలే కనిపించేది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో కూడా 145.825 మెగాహెర్ట్జ్ మీద ఇలాంటి డిజిపీటర్ ఉంది. ఓపిక ఉన్న విద్యార్థి చేతి రేడియోతో, సొంతంగా చేసుకున్న యాంటెన్నాతో డాబా మీద నిలబడి తన వాక్యాన్ని దాని మీదుగా పంపవచ్చు.

హామ్‌లకు ఇస్రో తోడు అప్పటికి కొత్తది కాదు. 2005 మే 5న శ్రీహరికోట నుంచే పీఎస్‌ఎల్‌వీ-సీ6 రాకెట్టు హామ్‌శాట్ అనే 42.5 కిలోల చిన్న ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. కేవలం హామ్‌ల మాటల కోసం మన దేశం పంపిన ఆ ఉపగ్రహం 2014 దాకా తొమ్మిదేళ్లు పనిచేసింది.

నేల మీద చూస్తే, హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో హామ్‌లను తయారుచేస్తోంది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అండమాన్‌కు వెళ్లింది. ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటం వాళ్ల ఉద్దేశం. 26న సునామీ వచ్చింది, ఫోన్లు మూగబోయాయి. సరదాకని తెచ్చిన ఆ రేడియోలే పోర్ట్‌బ్లెయిర్‌కూ ప్రధాన భూభాగానికీ మధ్య వంతెన అయ్యాయి. బతికున్నామనే కబుర్లు వాటి మీదుగానే ఇళ్లకు చేరాయి.

మనకెందుకు?

రాయలసీమ అంటే కరువనే చెప్పుకుంటాం. కానీ 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి రాజంపేట వైపు ఊళ్లను ముంచెత్తిన రోజు ఎవరూ మరిచిపోలేరు. అలాంటి రాత్రి ఏ దారి తెగింది, ఏ బండి ఎక్కడ ఆగింది, సహాయం ఏ ఊరికి చేరింది అనేవి ఒకే పటం మీద కనిపించడం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు. వరద నీటిలో నిలబడి ఫోనులో దారి వివరించే అవసరం లేకుండా, ‘ఇక్కడ వంతెన లేదు’ అని ఒక హామ్ పెట్టిన గుర్తు, దాన్ని వినగల ప్రతి రేడియో తెర మీదా పడుతుంది.

దీనికి హద్దులున్నాయి, వాటినీ తెలుసుకోవాలి. హామ్ లైసెన్సు వ్యాపారానికి పనికిరాదు. మదనపల్లె మార్కెట్టు నుంచి బయల్దేరే టమాటా లారీలకు ఇది తగిలించి అద్దె వసూలు చేయడం చట్ట విరుద్ధం. గుప్తంగా పంపడానికీ వీల్లేదు. పంపిన జాడ ఎవరైనా వినవచ్చు, ఇంటర్నెట్‌కు కలిపిన కేంద్రం వింటే ప్రపంచమంతా చూడవచ్చు. కనుక ఎప్పుడు పలకాలో, ఎప్పుడు రేడియో కట్టేయాలో బండివాడే నిర్ణయించుకోవాలి. మరొకటి, పటం మీద చుక్క బండి ఆఖరుసారి పలికిన చోటును చూపుతుంది. ఎన్ని నిమిషాల కిందటి చుక్కో చూడకుండా మనుషుల్ని అటు పంపకూడదు.

లైసెన్సు సంపాదించడం కష్టమేమీ కాదు. పన్నెండేళ్లు నిండిన ఎవరైనా కేంద్ర టెలికాం శాఖ నడిపే పరీక్ష రాయవచ్చు. రేడియో మూలసూత్రాలు, నియమాలు చదువుకుంటే చాలు. లైసెన్సు లేకుండా పలకకూడదు. కొండ మీద డిజిపీటర్ పెట్టడానికి ప్రభుత్వ అనుమతులు వేరుగా తీసుకోవాలి.

మదనపల్లె చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ప్రాజెక్టు పని కోసం ఏటా వందలమంది విద్యార్థులు జీపీఎస్ చిప్పులు కొంటున్నారు. వాళ్లలో పదిమంది ఈ ఏడాది హామ్ పరీక్ష రాయాలి. ఒక అధ్యాపకుడు వాళ్లను కూడగట్టాలి. మొదట రెండు బండ్లు, కాలేజీ డాబా మీద ఒక పెట్టె చాలు. మదనపల్లె నుంచి వాల్మీకిపురం దాకా నడిపి, ఎక్కడ వినిపించింది, ఎక్కడ గుట్ట అడ్డొచ్చింది పటం గీసుకోండి. ఆ పటం చేతిలో ఉంటే కొండ మీద అనుమతి అడగడానికి, జిల్లా విపత్తు నిర్వహణ అధికారులతో మాట్లాడటానికి మీ దగ్గర మాటలతో పాటు రుజువు ఉంటుంది. తుఫాను వచ్చాక పరీక్ష రాసే వీలుండదు. ఈ వేసవిలోనే మొదలుపెట్టండి.